స్టెప్నీలో గాలుందా?

ఆ వారమంతా మా అమ్మాయి ఇంట్లో పెళ్ళి కుదిరినంత హడావిడి. ఫోన్లు, లెక్కలు, కాగితం మీద కొట్టివేతలు, "అది వద్దు, ఇది నాలుగు కాలాలు మన్నుతుంది" అనే వాదనలు, ఎక్కడ ధర తక్కువో వాకబులు. తీరా చూద్దును కదా, పెళ్ళి ఎవరికీ కాదు. మా అల్లుడి బండికి కొత్త టైర్లు!

ఇది 2019 మార్చి నాటి మాట. అమెరికాలో లాస్ ఏంజెలిస్‌కి గంట దూరంలో ఉంటారు వాళ్ళు. మావారు పోయాక అది నాలుగో ఏడు. "ఒక్కదానివీ అక్కడేం చేస్తావమ్మా, వచ్చి ఆర్నెల్లుండు" అంటే వెళ్ళాను. వెళ్ళినదాన్ని వంటింట్లో నా మానాన నేనుండక ఈ టైర్ల గొడవలో ఎందుకు తలదూర్చానో చెబుతాను, వినండి.

మా అల్లుడికి ఓ పికప్ ట్రక్కు ఉంది. ముందు అయిదుగురు కూర్చునే గది, వెనక సామాన్లు వేసుకునే తొట్టి. మొదటిసారి చూసినప్పుడు, ఇంత చదువు చదివి ఈయన కూరగాయల వ్యాపారం కూడా చేస్తున్నాడా ఏమిటి అనుకున్నాను. కాదుట. రోడ్డు లేని చోట్లకి, కొండలకీ ఎడారులకీ వెళ్ళడానికి అక్కడ చాలామంది సరదాపడి కొనుక్కునే బండిట అది. టొయోటా వాళ్ళ టకోమా, 2012 మోడలు, సెకండ్ హ్యాండు. రోడ్లు వేసి వేసి అలిసిపోయిన దేశంలో, రోడ్డు లేని చోటు వెతుక్కుంటూ వెళ్ళడం ఏమిటో! మన ఊళ్ళలో అయితే దానికోసం అంత దూరం పోనక్కరలేదు.

ఆ బండికి టైర్లు అరిగాయి. ఎలాగూ మార్చాలి కాబట్టి కాస్త పెద్దవి వేద్దాం అన్నాడు అల్లుడు. అక్కణ్ణుంచీ మొదలైంది.

టైరు పక్కన అచ్చు వేసి ఉండే అంకెలు మీరెప్పుడైనా చూశారా? నేను అరవై రెండేళ్ళు వచ్చేదాకా చూడలేదు. ఈ బండి పాత టైరు మీద 265/70 ఆర్ 16 అని ఉంది. మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగు చదివింది లెండి, అది విడమరిచి చెప్పింది. 265 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు గోడ ఎత్తు, ఆ వెడల్పులో నూటికి డెబ్భై వంతు. 16 అంటే లోపలి చక్రం అడ్డకొలత, అంగుళాల్లో. ఒకటి మిల్లీమీటరు, ఒకటి శాతం, ఒకటి అంగుళం! చీర గజాల్లో, అంచు అంగుళాల్లో, జాకెట్టు ముక్క సెంటీమీటర్లలో అమ్మినట్టుంది. మొత్తం కలిపి లెక్కేస్తే ఆ టైరు ఎత్తు సుమారు ముప్ఫై అంగుళాలన్నర.

అల్లుడికి ముప్ఫై మూడు అంగుళాల టైర్ల మీద మనసైంది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. అంత పెద్దవి వేస్తే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు వెళ్ళి వెనకవైపు రేకుకి రాసుకుంటుందిట. రాసుకోకుండా ఉండాలంటే ముందు బండిని ఎత్తు చెయ్యాలి, అదీ చాలకపోతే లోపలి ఇనప ముక్క కొంత కోసి మళ్ళీ వెల్డింగు చేయించాలి. "చెప్పు పట్టలేదని కాలు కోసుకుంటామా అండీ?" అంది మా అమ్మాయి. ఆ మాట మాత్రం అచ్చంగా నా కూతురి మాటే.

ఇంకో సంగతి విని నేనే ఆశ్చర్యపోయాను. టైరు ఎత్తు రెండంగుళాలు పెరిగితే బండి కడుపు నేల నుంచి ఎంత పైకి లేస్తుంది? రెండంగుళాలు అనుకున్నాను. ఒక్క అంగుళమేట! ఇరుసుకి కింద ఎంత పెరిగిందో పైనా అంతే పెరుగుతుంది కదా, పైన పెరిగిన సగం బండికి దేనికి పనికొస్తుంది? బంగారం కొట్లో తరుగు పోయినట్టు సగం పోతుంది. పైగా చక్రం పెద్దదైతే ఒక్కసారి తిరిగితే ఎక్కువ దూరం పోతుంది. స్పీడు చూపించే ముల్లుకి ఆ సంగతి తెలియదు, పాత లెక్కే చెబుతుంది. అరవై అని అది అంటుంది, బండి అరవై రెండో అరవై నాలుగో పోతూ ఉంటుంది. పోలీసువాడికి ఈ వివరం చెబితే వింటాడా?

చివరికి రాజీ కుదిరింది. 265/75 ఆర్ 16. వెడల్పు అదే, గోడ ఎత్తు మాత్రం ఇంకో అయిదు శాతం. మొత్తం మీద ముప్ఫై ఒకటిన్నర అంగుళాల పైచిలుకు. ఏదీ కోయనక్కరలేదు. బండి ఎత్తులో వచ్చే లాభం అరంగుళమే. "ఈ మాత్రానికి ఇంత ఖర్చా?" అని నోరు జారాను. "ఎత్తు కోసం కాదమ్మా" అంది. రాళ్ళ దారికోసం చేసిన టైరులో పొరలు గట్టిగా ఉంటాయి. గోడ ఎత్తుగా ఉంటే గాలి కొంచెం తీసి నడపొచ్చు. మామూలుగా ముప్ఫై అయిదు పెట్టే గాలి మట్టి దారిలో ఇరవై, ఇరవై రెండుకి దించితే, టైరు పాదం చాపినట్టు పొడుగ్గా పరుచుకుని నేలని పట్టుకుంటుంది, రాయి తగిలితే మెత్తగా ఒదుగుతుంది. మళ్ళీ తారు రోడ్డెక్కగానే గాలి నింపుకోవాలి, దానికో చిన్న పంపు. కష్టకాలంలో కాస్త బిగువు తగ్గించుకున్నవాడే గట్టెక్కుతాడన్నమాట. ఇది టైర్లకే కాదు, కోడళ్ళకీ అత్తలకీ కూడా పనికొచ్చే సంగతే.

ఇక షాకబ్జర్లు. బండి బరువు మొయ్యడానికి ముందువైపు స్ప్రింగులున్నాయి, వెనక మన లారీలకున్నట్టు కమాను పట్టీలున్నాయి. మరి ఇవెందుకు? ఉయ్యాల ఒకసారి ఊపి వదిలెయ్యండి, అది ఊగుతూనే ఉంటుంది. చెయ్యి అడ్డం పెడితే ఆగుతుంది. ఆ అడ్డం పెట్టిన చెయ్యే షాకబ్జరు. గొట్టంలో నూనె, నూనెలో చిన్న చిన్న చిల్లులున్న బిళ్ళ. బండి ఎగిరినప్పుడల్లా ఆ బిళ్ళ నూనెలో కిందికీ పైకీ పోతూ ఆ ఊపునంతా వేడిగా మార్చేస్తుంది. ఊళ్ళో రోడ్ల మీద ఇబ్బంది లేదు. ఎడారి దారులు మాత్రం బట్టలుతికే గరుకు బల్లలాగా అడ్డగీతలు పడి ఉంటాయి. ఆ గీతలు వానకి పడినవి కావు, పోయేపోయే చక్రాలే ఎగిరెగిరి పడి చేసినవి. వాటిమీద గంటలకొద్దీ పోతే, చల్ల చిలికితే నురగ కట్టినట్టు లోపల నూనె వేడెక్కి నురగ కడుతుంది. నురగకి బలమేముంది? బండి ఇక బంతిలాగా ఎగురుతుంది. కొత్తరకం వాటిలో నూనెని ఒకవైపు నుంచి నత్రజని వాయువు గట్టిగా నొక్కి పట్టి ఉంచుతుంది, నురగ రానివ్వదు. వెనకవి రెండూ మా అమ్మాయీ అల్లుడూ గరాజులో తామే బిగించుకున్నారు. ముందువాటికి స్ప్రింగుని నొక్కి కట్టాలిట, అది జారితే ప్రాణం మీదికొస్తుందని పనివాళ్ళకే ఇచ్చారు. ఆ పాటి వివేకం ఉన్నందుకు సంతోషించాను.

అంతా అయ్యాక ఖర్చుల జాబితా బల్లమీద పెట్టారు. ఎవరింట్లో జాబితా కనిపించినా చదవడం నాకు అలవాటు, కిరాణా జాబితా అయినా సరే. చదివాను. షాకబ్జర్లు 4. టైర్లు 4.

"మరి స్టెప్నీ?" అన్నాను.

"స్టెప్నీ ఉందిగా అత్తయ్యా, బండి కింద వేలాడుతోంది. ఒక్కసారి కూడా వాడలేదు, కొత్తదే" అన్నాడు అల్లుడు. ఒక్కో టైరు రెండు వందల డాలర్ల పైమాట. వాడనిదానికి అంత పొయ్యడం దేనికని ఆయన లెక్క.

ఇక్కడ ఆ మాట సంగతి చెప్పాలి. టైర్ల కొట్టుకి నేనూ వెళ్ళి, అక్కడి కుర్రాణ్ణి ధైర్యంగా "స్టెప్నీ ధర ఎంత?" అని అడిగాను. అతగాడు ఆమె ఎవరో తనకి తెలియదన్నట్టు మొహం పెట్టాడు! అక్కడ స్పేరు అంటారుట. స్టెప్నీ ఇంగ్లీషు మాటే కదా అని వెతికింది మా అమ్మాయి. బ్రిటన్‌లో వేల్స్ అనే చోట లనెల్లీ అని ఓ ఊరుందిట. మొదట్లో కార్లకి అదనపు చక్రమే ఉండేది కాదు, పంక్చరైతే దారిలో కూర్చుని బాగు చేసుకోవలసిందే. ఆ ఊళ్ళో డేవిస్ అన్నదమ్ములు 1904లో, పంక్చరైన చక్రం పక్కన తగిలించి బిగించుకునే టైరు కట్టు ఒకటి చేసి అమ్మారు. వాళ్ళ కొట్టు ఉన్న వీధి పేరు స్టెప్నీ వీధి. వీధి పేరు సరుకు పేరైంది, సరుకు మన దేశం వచ్చింది. ఆ మాటని మనం ఇంకా అట్టేపెట్టుకున్నాం. మన మగవాళ్ళు దాన్ని ఇంకో అర్థంలో కూడా వాడి ముసిముసిగా నవ్వుకుంటారు. ఆ అర్థం నేనిక్కడ రాయనక్కరలేదు.

ఆ "ఉందిగా" అనే మాట నాకు నచ్చలేదు. కారణం ఉంది.

1981లో మావారికి శ్రీశైలంలో ఉద్యోగం. మా అమ్మాయికి ఏడో నెల. పుట్టింటి నుంచి పిల్లని తీసుకుని వస్తుంటే, తెలిసినవాళ్ళ జీపు అడిగి తెచ్చారు ఆయన. దోర్నాల దాటి నల్లమల అడవిలో ఘాట్ రోడ్డు ఎక్కాక, సాయంత్రం అయిదింటికి టైరు పంక్చరైంది. ఏం ఫర్వాలేదు, వెనకాల స్టెప్నీ ఉందిగా అన్నారు మావారు. డ్రైవరు దిగాడు, వెనక్కి వెళ్ళాడు. ఎంతకీ రాడు. చివరికి వచ్చి తలకిందికి వేసుకుని, "దాన్లో గాలి లేదండీ" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. పిల్లకి ఒళ్ళు వెచ్చగా ఉంది. పాలసీసా దోర్నాలలోనే ఖాళీ అయింది. చీకటి పడుతోంది. అడవిలో ఏ ఆకు కదిలినా గుండె జారిపోతోంది. మావారు పైకి ధైర్యంగా ఉన్నారు గానీ, అదేపనిగా చేతిగడియారానికి తాళం తిప్పుతూనే ఉన్నారు. రాత్రి ఎనిమిది దాటాక వెదురు లోడుతో ఓ లారీ వచ్చింది. ఆ డ్రైవరు దేవుడిలా మమ్మల్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని దింపాడు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే తన టవలు తడిపి నుదుటికి వేశాడు. ఆయన పేరు అడగడం కూడా మర్చిపోయాం.

ఆ పిల్లే ఇప్పుడు పానా పట్టుకుని నా ముందు నిలబడి ఉంది. దానికేం గుర్తుంటుంది?

"దాన్ని ఒకసారి కిందికి దింపి చూపించండి బాబూ" అన్నాను అల్లుణ్ణి. ఎందుకు అత్తయ్యా అని సణగలేదు, అది ఆయన మంచితనం. ఆ బండిలో స్టెప్నీ తొట్టి అడుగున గొలుసుకి వేలాడుతుంది. వెనక బంపరు దగ్గర చిన్న కంతలోంచి పొడుగాటి ఊచ దూర్చి, బావి గిలక తిప్పినట్టు తిప్పితే కిందికి దిగుతుంది. తిప్పబోతే కదలదు. ఏడేళ్ళ దుమ్మూ తుప్పూ! నూనె పోసి, తట్టి, బతిమాలి దింపారు. గాలి కొలిచే పుల్ల పెట్టారు. ముప్ఫై అయిదు ఉండాల్సిన చోట పన్నెండుంది.

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అలాంటప్పుడు మాట్లాడకపోవడంలో ఉన్న సుఖం మీకు తెలుసుగా.

"గాలి పెడితే సరిపోతుంది" అన్నాడు అల్లుడు మెల్లిగా. అప్పుడు మా అమ్మాయే అందుకుంది. టైరు గోడ మీద ఓ నాలుగంకెలు చూపించింది. మొదటి రెండూ ఎన్నో వారం, తర్వాతి రెండూ ఏ సంవత్సరం. మందు సీసా మీద తారీఖు లాంటిదన్నమాట. వాడినా వాడకపోయినా రబ్బరు ముసలిదైపోతుంది. పైగా ఇది పాత కొలత. నాలుగు పెద్దవాటి మధ్య ఇదొక్కటీ పొట్టిది వేస్తే, అవి ఒక చుట్టు తిరిగేలోపు ఇది చుట్టూ కొంత తిరగాలి. కాడికి కట్టిన జోడెద్దుల్లో ఒకటి పొట్టిదైతే ఏమవుతుంది? మలుపుల్లో మాత్రమే పనిచెయ్యవలసిన ఇరుసులోని పళ్ళచక్రాలు, తిన్నటి దారిలో కూడా ఒకటే పనిగా నలుగుతాయి. నాలుగు చక్రాలకీ శక్తి పంపే గేరు వేశారంటే ఇంకా చేటు. నాలుగు మారిస్తే అయిదోదీ మార్చాల్సిందే.

నా పుట్టినరోజుకి గాజులు కొంటామని వాళ్ళు అంతకుముందే అన్నారు. ఆ గాజుల డబ్బుతో అయిదో టైరు కొనండి అన్నాను. నా చేతికి టైరు తొడుగుతారా అని నవ్వింది మా అమ్మాయి. కొన్నారు.

ఇంతకీ ప్రయాణం ఎక్కడికి? డెత్ వాలీకి. పేరు వింటేనే ఎలా ఉందో చూడండి! కాలిఫోర్నియా ఎడారిలో పెద్ద నేషనల్ పార్కు. 1913 జులైలో అక్కడ 56.7 డిగ్రీల ఎండ నమోదయిందిట, మన రెంటచింతల నయం. దాంట్లో రేస్‌ట్రాక్ అని ఎండిపోయిన చెరువు ఒకటుంది. అందులో రాళ్ళు వాటంతట అవే కదిలిపోతాయిట. తారు రోడ్డు అయిపోయాక అక్కడికి దాదాపు 27 మైళ్ళు ఆ గరుకుబల్ల దారే. ఫోను పనిచెయ్యదు. మంచి టైర్లు, నిండు కొలత స్టెప్నీ లేకుండా రావద్దని పార్కువాళ్ళే చెబుతారు. అది విని అల్లుడి ముందు కొంచెం తలెత్తుకుని తిరిగాను.

బయల్దేరే ముందు రోజు రాత్రి వంటింట్లో ఉన్నాను. హాల్లో అల్లుడు అడుగుతున్నాడు, "ఆ దారిలో ఆరేళ్ళ పిల్లాడితో కష్టం కదా, బాబుని ఏం చేద్దాం?" అని. "అమ్మ ఉందిగా" అంది మా అమ్మాయి.

చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అది తప్పు మాటేం కాదు, ముద్దు మాటే. పురిటికి అమ్మ ఉందిగా. బాబుకి జలుబు చేస్తే అమ్మ ఉందిగా. ఇద్దరికీ ఆఫీసులో పని తెమలకపోతే అమ్మ ఉందిగా. మరి నాలుగేళ్ళుగా ఆ అమ్మలో గాలి ఎంతుందో పుల్ల పెట్టి చూసినవాళ్ళున్నారా? నేనే చూసుకోలేదు, ఒకళ్ళని అనడమెందుకు!

హాల్లోకి వెళ్ళి, గరిటె పట్టుకునే, "స్టెప్నీని ఇంట్లో వదిలేసి ఎడారికి ఎవరైనా వెళ్తారుటే?" అన్నాను.

ఒక్క క్షణం ఇద్దరూ నా మొహం చూశారు. నవ్వుతాలకి అంటున్నాననుకున్నారు కాబోలు. తర్వాత మా అమ్మాయి మొహం మారింది. "నువ్వూ వస్తావా అమ్మా? నీకు నడుంనొప్పి కదా అని..." అంది. కొత్త షాకబ్జర్లు వేయించారుగా అన్నాను. అందరం వెళ్ళాం.

ఆ దారి గురించి ఎంత చెప్పినా తక్కువే. తారు రోడ్డు అయిపోయిన చోట ఆగి నాలుగు టైర్లలోంచీ గాలి తీశారు. పాత బండిలో అయితే నా పళ్ళు అక్కడే రాలి ఉండేవి. ఇప్పుడూ కుదుపు లేదనను గానీ, తల్లి చెయ్యి వేసి ఆపినట్టు ప్రతి కుదుపూ ఒక్కసారితో ఆగిపోతోంది. దాదాపు ఇరవై మైళ్ళు వెళ్ళాక దారులు కలిసే చోట ఓ కొయ్య బోర్డు, దానినిండా వేలాడగట్టిన టీ కెటిళ్ళు! ఆ చోటు పేరే టీకెటిల్ జంక్షన్. వచ్చినవాళ్ళు వాటిమీద పేర్లు రాసి కట్టిపోతారుట. మనుషులు లేని ఎడారిలో వంటింటి సామాను చూసేసరికి పుట్టింటివాళ్ళు ఎదురొచ్చినట్టయింది నాకు.

రాళ్ళూ చూశాం. బీటలు వారిన చెరువు నేల మీద ఒక్కో రాయీ, దాని వెనక అది ఈడ్చుకుంటూ వచ్చిన గీత. దశాబ్దాల పాటు గాలి అనీ, ఇంకేదో శక్తి అనీ అనుకున్నారుట. 2013 డిసెంబరులో శాస్త్రజ్ఞులు కళ్ళారా చూసి 2014లో వెల్లడించారు. శీతాకాలంలో అక్కడ పలచగా నీళ్ళు నిలుస్తాయి. రాత్రి గడ్డకట్టి, ఎండ పొడవగానే ఆ మంచు కిటికీ అద్దాల్లాంటి పెద్ద పలకలుగా విరుగుతుంది. చిన్న గాలికే ఆ పలకలు కదిలి, మెత్తటి బురదలో రాళ్ళని నెట్టుకుంటూ పోతాయి. నిమిషానికి కొద్ది మీటర్లే. అంత రాయినీ అంత పలచటి మంచు నెట్టిందంటే మొదట నేను నమ్మలేదు. తర్వాత ఆలోచిస్తే, సంసారాలు కదిలేదీ ఇలాగే కదా అనిపించింది.

తిరుగుప్రయాణంలో, టీకెటిల్ జంక్షను ఇంకా రాకముందే, బండి ఒకపక్కకి ఒరిగింది. దిగి చూస్తే కుడివైపు వెనక టైరు. వాడిరాయి ఒకటి టైరు గోడని బెత్తెడు మేర చీల్చింది. నడినెత్తిన మేకు దిగితే జిగురు తాడు కూరి ఆపొచ్చు గానీ, గోడ చీలితే మందు లేదుట. చక్రం తిరిగినప్పుడల్లా ముడుచుకునే చోటు అది, ఏ అతుకూ నిలవదు. పొద్దు కొండల వెనక్కి వాలుతోంది. ఫోను లేదు. కనుచూపు మేరలో ఇంకో బండి లేదు. మనవడు, "అమ్మమ్మా, ఇంటికెలా వెళ్తాం?" అన్నాడు.

నాకు నల్లమల గుర్తొచ్చింది. కాళ్ళు వణికిన మాట నిజం. మా అమ్మాయి వైపు చూశాను. అది జుట్టు ముడేసుకుని, మిగతా చక్రాలకి రాళ్ళు అడ్డం పెడుతోంది. బండిని ఎత్తకముందే నట్లు వదులు చేసుకోవాలిట, ఎత్తాక చేస్తే చక్రం తిరిగిపోతుంది. అల్లుడు ఊచ తిప్పితే ఈసారి స్టెప్నీ సుతారంగా దిగింది. వచ్చిన చిక్కల్లా జాకీతో. గులకనేలలో అది కిందికి దిగబడిపోతోంది గానీ బండిని పైకి లేపడం లేదు. రెండుసార్లు చూశారు, రెండుసార్లూ ఒరిగింది. అల్లుడికి చెమటలు పట్టాయి.

నేను తొట్టిలోని వంటపెట్టె తెరిచి చపాతీ పీట తీసి ఇచ్చాను. కాళ్ళు లేని రకం, గట్టి టేకుచెక్క, మావారు కొన్నది, ఇండియా నుంచి మోసుకొచ్చాను. "విరిగిపోతుందమ్మా!" అంది మా అమ్మాయి. విరిగితే చేత్తో వత్తుతాలే, పెట్టు అన్నాను. జాకీ కింద పీట పెట్టారు. ఈసారి జాకీ దిగలేదు, బండి లేచింది. ఆరు నట్లూ విప్పి, చక్రం మార్చి, వరసగా కాకుండా ఎదురెదురువి ఒకదాని తర్వాత ఒకటి బిగించారు. నేనూ మనవడూ బండికి దూరంగా కూర్చుని పులిహోర తింటూ నట్లు లెక్కపెట్టాం. అరగంట పట్టింది. బయల్దేరే ముందు నేను అడగకుండానే అల్లుడు పుల్ల పెట్టి గాలి చూసి, "ముప్ఫై అయిదు, అత్తయ్యా" అని గట్టిగా చెప్పి, మిగతావాటితో సమానంగా దించాడు.

ఇక స్టెప్నీ లేదు కాబట్టి మిగతా దారంతా నడకంత నెమ్మదిగా వచ్చాం. మనవడు నా ఒళ్ళో నిద్రపోయాడు. చీకట్లో మా అమ్మాయి ముందు సీట్లోంచి వెనక్కి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు చెప్పాను దానికి, నల్లమల కథ. అంతకుముందెప్పుడూ చెప్పలేదు. "నాన్న భయపడ్డారా?" అని అడిగింది. భయపడ్డారు గానీ, గడియారానికి తాళం తిప్పుతూ కూర్చున్నారు అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇంటికొచ్చాక చీలిన టైరు స్థానంలో ఇంకోటి కొన్నారు. ఇప్పుడు కొత్త పద్ధతి పెట్టాడు మా అల్లుడు. అయిదు వేల మైళ్ళకోసారి టైర్ల చోట్లు మార్చుతారు కదా, అందరూ నాలిగింటినే మారుస్తారు. ఈయన అయిదింటినీ వరస పెట్టి మారుస్తున్నాడు. ప్రతిసారీ కింద వేలాడేది రోడ్డు మీదికొస్తుంది, రోడ్డు మీదిది ఒకటి పైకెక్కి కాస్త విశ్రాంతి తీసుకుంటుంది. అలా అయితే అయిదూ సమానంగా అరుగుతాయి, ఏదీ చీకట్లో పడి ముసలిదైపోదుట.

ఆ మరుసటి నెల నుంచి మా ఇంట్లోనూ అదే పద్ధతి వచ్చింది. ఆదివారం వంట అల్లుడిది. బుధవారం సాయంత్రం బాబుని చూసుకోవడం మా అమ్మాయిది, ఆ పూట నేను పక్క వీధి లైబ్రరీకి పోతాను. ఎవరూ కూర్చుని తీర్మానం చెయ్యలేదు, అలా జరిగిపోయింది. రాత్రిళ్ళు పడుకోబోయే ముందు మా అమ్మాయి నా గది తలుపు దగ్గర ఆగి, "గాలి ఎంతుందమ్మా?" అని అడుగుతుంది. నిజంగా ఎంతుంటే అంతే చెబుతాను. కొన్ని రోజులు ముప్ఫై అయిదు. కొన్ని రోజులు ఇరవై. పన్నెండు మాత్రం మళ్ళీ చెప్పలేదు.

చపాతీ పీట మీద జాకీ అచ్చు గుండ్రంగా పడింది. కొత్తది కొంటానంటే వద్దన్నాను. ఆ అచ్చు మీద వత్తితే చపాతీ గుండ్రంగా వస్తోంది.